జుట్టుకు మెరుపు రెండు మెట్లు చాలు

పాశమైలారం, ఇస్నాపూర్, చిట్కుల్, పటాన్‌చెరు. షిఫ్టు డ్యూటీల మీద బతికే ఈ పారిశ్రామిక ప్రాంతంలో జుట్టుకు హైలైట్స్ వేయించుకోవడం సినిమావాళ్లకే చెల్లే ముచ్చట కాదిప్పుడు. కష్టపడి సంపాదించిన జీతంలోంచి కొంత పక్కన పెట్టి, పెళ్లికో పండక్కో యువత తీర్చుకునే సరదా అది. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. విచారించాల్సింది ఎంపిక జరిగే తీరు గురించి. సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో చూపించి ‘ఇలాగే కావాలి’ అనడంతో చాలాచోట్ల ఎంపిక ముగుస్తోంది. ఆ ఫొటోలోని మనిషి జుట్టు వేరు, ఛాయ వేరు, తలకు పోసుకునే నీళ్లు వేరు. మనకు నప్పే రంగేదో తేల్చాల్సింది మన జుట్టు, మన ఛాయ, మన నీళ్లు. ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకుంటే, నల్లటి జుట్టుకైనా ముదురు గోధుమ జుట్టుకైనా సహజ రంగు కన్నా రెండు మెట్లు, మహా అయితే మూడు మెట్లు తేలికైన తేనె, రాగి, పంచదార పాకం ఛాయలే అందాన్నీ ఇస్తాయి, నిలబడతాయి కూడా.

మెట్లు అనడం ఊరికే కాదు. సెలూన్‌లో షేడ్ కార్డు తెరిస్తే వరసగా అతికించిన చిన్న చిన్న కుచ్చులు, వాటి పక్కన అంకెలు కనిపిస్తాయి. 1 అంటే కారునలుపు, 4 అంటే గోధుమ, 10 అంటే వెన్నలాంటి లేత పసుపు. మనలో ఎక్కువమంది జుట్టు 1 నుంచి 4 లోపే ఉంటుంది. నల్లజుట్టు అనుకునేది కూడా ఎండలో పట్టి చూస్తే చాలామందికి ముదురు గోధుమే. ఆ రంగును తేల్చడానికి, అంటే తేలిక చేయడానికి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన బ్లీచ్ రాసి పాయను రేకులో చుడతారు. కాసేపాగి ఆ రేకు విప్పి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాయ నలుపు నుంచి నేరుగా బంగారు రంగుకు పోదు. ముందు ఇటుక ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. జుట్టుకు నలుపునిచ్చే యూమెలానిన్ ముందు కరుగుతుంది, ఎరుపు పసుపులనిచ్చే ఫియోమెలానిన్ మొండిగా నిలుస్తుంది. అంటే మన జుట్టు లోపల వెచ్చని రంగు పుట్టుకతోనే ఉంది. తేనె, రాగి ఛాయలు ఆ రంగును వాడుకుంటాయి. బూడిద కలిసిన బంగారు రంగు కావాలంటే ఆ వెచ్చదనాన్ని పూర్తిగా తుడిచేయాలి. అందుకు బ్లీచ్ ఒకసారితో సరిపోదు, చాలాసార్లు దాని ఘాటూ పెంచుతారు. బ్లీచ్‌లో కలిపే 20 వాల్యూమ్ డెవలపర్‌లో పెరాక్సైడ్ 6 శాతం ఉంటే 40 వాల్యూమ్‌లో 12 శాతం ఉంటుంది. జుట్టు మీద వాడే సరుకుల్లో ఐరోపా సమాఖ్య చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి కూడా అదే. మెట్టు పెరిగేకొద్దీ వెంట్రుకకు బలమిచ్చే గంధకపు బంధాలు తెగుతాయి, పైపొర గరుకెక్కుతుంది. తేలిన రంగును చూసి మురిసేలోపే చివర్లు పీచు కడతాయి.

ఇక ఛాయ సంగతి. ఫ్రాన్స్‌లో గోబెలాఁ అద్దకపు శాలను పర్యవేక్షించిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు అప్పట్లో ఒక ఫిర్యాదు వచ్చింది. నల్ల నూలు సరిగా నల్లగా రావడం లేదని. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగు వల్ల కంటికి నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న సూత్రాన్ని ఆయన 1839లో పుస్తకంగా వెలువరించారు. పట్టుచీరకు అంచు ఎంచే ప్రతి తెలుగింటికీ ఈ సూత్రం చేతలో తెలుసు. జుట్టు కూడా ముఖానికి అంచే. చామనఛాయలో పసుపు, ఎరుపు కలిసిన వెచ్చదనం ఎక్కువగా ఉంటుంది. దాని పక్కన తేనెరంగు పాయ పడితే చర్మం నిగారిస్తుంది. బూడిదరంగు పాయ పడితే చాలామందికి ముఖం అలసినట్టు కనిపిస్తుంది. ముదురు ఛాయకు రాగి, దాల్చినచెక్క రంగు, కాస్త ఎరుపు తిరిగిన గోధుమ హుందాగా ఉంటాయి. అందుకే కుచ్చును కార్డు మీద కాకుండా చెంప పక్కన పెట్టి చూడాలి. అదీ ట్యూబులైటు కింద కాదు, గుమ్మం దాటి పగటి వెలుతురులోకి వచ్చి చూడాలి.

మూడోది నీళ్లు. మన దగ్గర అందరూ మరిచిపోయేది ఇదే. దక్కను రాతినేలలో బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉండటం మామూలే. సబ్బు నురగ రాకపోవడం, బకెట్ అంచున తెల్లచార కట్టడం దాని గుర్తులు. ఈ ఖనిజాల వల్ల వచ్చే కాఠిన్యం తాగునీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా సహించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. పటాన్‌చెరు పరిసరాల్లో పారిశ్రామిక వ్యర్థాలతో భూగర్భ జలాలు చెడిన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బ్లీచ్ చేసిన వెంట్రుక ఇలాంటి నీళ్లలోని లోహాలను మామూలు వెంట్రుక కన్నా ఎక్కువగా పట్టుకుంటుంది. రంగు మొద్దుబారుతుంది, ఇనుము ఉన్న నీళ్లయితే తుప్పు ఛాయ తిరుగుతుంది. లేత బంగారు పాయ మీద ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, రాగిరంగు పాయలో కలిసిపోతుంది. మంజీర నది నీళ్లు అందే ఇంట్లో తలస్నానానికి అవే వాడుకోవడం మేలు.

ఎవరి జుట్టు వాళ్ల ఇష్టం, మెట్ల లెక్క చెప్పడానికి మీరెవరు అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఇష్టం వాళ్లదే. కానీ ఏం జరుగుతుందో తెలిశాక చేసుకున్నదే ఇష్టం, తెలియక చేయించుకుంటే అది మోసపోవడం. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. లేత బంగారు పాయకు రెండు నెలల్లో కుదుళ్ల దగ్గర నల్లగీత పడుతుంది, మళ్లీ ఖర్చు, మళ్లీ బ్లీచ్. రెండు మెట్ల తేడాతో, కుదుళ్లు వదిలి మధ్య నుంచి చివరికి చేత్తో పూసే బాలయాజ్ పద్ధతిలో అయితే ఆ గీత కంటికి ఆనదు. నెల జీతంతో ఇల్లు నడిపే మనిషికి ఇది చిన్న లెక్క కాదు. జుట్టును తేల్చడం తెల్లదనం మీది మోజు కాదా అన్న ప్రశ్న కూడా ఉంది. ఆ మోజు మన సమాజానికి చేసిన కీడును నేను కాదనను. అందుకే చెబుతున్నాను, మరొకరి రంగును తలకెత్తుకునే ఎంపిక వద్దు, మన జుట్టులో దాగిన రంగును పైకి తెచ్చే ఎంపిక కావాలి.

గోరింటాకు ఉండగా ఈ రసాయనాలెందుకు అనే పెద్దల మాటలో విలువ ఉంది. నెరిసిన జుట్టుకు గోరింటాకు చక్కని ఎర్రదనం ఇస్తుంది. కానీ అది రంగు ఎక్కిస్తుందే తప్ప నలుపును తేల్చలేదు. పైగా గోరింటాకు పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. అవి ఉన్న జుట్టు మీద బ్లీచ్ పడితే వేడి పుట్టి వెంట్రుక తెగవచ్చు. నల్ల మెహందీలోనూ, ముదురు డైలలోనూ ఉండే పారాఫెనిలిన్ డయమైన్ కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. కాబట్టి తలకు ఇంతకుముందు ఏం పెట్టుకున్నారో సెలూన్‌లో దాచకుండా చెప్పాలి. కొత్త రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్క రాసి చూడమని అడగాలి. గాలి, నీరు చెడిన చోట జుట్టు రంగు గురించి రాయడమేమిటని అనుకునేవారికీ ఇదే నా జవాబు. రసాయనం ఏం చేస్తుందో తెలుసుకునే హక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోకూడదు. బ్లీచ్ పొడిలోని పర్‌సల్ఫేట్లు రోజూ పీల్చే పార్లర్ పనివాళ్లకు ఆయాసం తెచ్చిపెట్టగలవు. వాళ్లకు తెరిచిన కిటికీ, చేతికి గ్లౌజులు అడగడం కూడా ఈ హక్కులో భాగమే.

అందుకే తల మొత్తం అప్పగించే ముందు చెవి వెనక ఒక్క పాయకు, రెండు మెట్లు మాత్రమే తేల్చి రంగు వేయించుకోండి. వారం రోజులు ఇంటి నీళ్లతోనే తలంటుకోండి. పనికి వెళ్తూ ఎండలో తిరగండి. వారం తర్వాత పొద్దుటి వెలుతురులో ఆ పాయను చెంపకు ఆనించి అద్దంలో చూసుకోండి. మీ నీళ్లను, మీ ఎండను తట్టుకుని మీ ముఖం పక్కన అప్పటికీ బాగున్న రంగే మీకు నప్పే రంగు.