వీడియో ఆట ఎవరి సొత్తు?

విశాఖపట్నం రేవు నుంచి ఏళ్ల తరబడి జపానుకు వెళ్లిన సరకు ఏమిటో మీకు తెలుసా? బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం. కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేసింది ముఖ్యంగా దానికోసమే. ఖనిజం అమ్మితే ఖనిజం ధరే వస్తుంది. దాన్ని కరిగించి ఉక్కు చేసినవాడికి ఉక్కు ధర వస్తుంది. 1966లో “విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు” అంటూ తెలుగువాళ్లు వీధుల్లోకి వచ్చారు. 1971లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో పని మొదలుపెట్టింది.

వీడియో ఆటల మాట చెప్పబోయి ఈ ఇనుము కథ ఎందుకంటారా? ఆటల పరిశ్రమలో కూడా ఖనిజం అమ్మేవాళ్లు, ఉక్కు అమ్మేవాళ్లు ఉన్నారు. మనం ఎక్కువగా మొదటి గుంపులోనే ఉన్నామని నా అభిప్రాయం. ఈ రెంటికీ నడుమ ఉన్న గోడ పేరు గ్రంథస్వామ్యం. అదే కాపీరైట్.

ముందుగా ఒక తేడా గమనించండి. ఒక టన్ను ఉక్కు తీశాక రెండో టన్ను కావాలంటే మళ్లీ ఖనిజం పోయాలి, మళ్లీ కోక్ మండించాలి, మళ్లీ సున్నపురాయి వేయాలి. వీడియో ఆట అలా కాదు. ప్రోగ్రాం రాసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, సంగీతం కూర్చేవాళ్లు నెలలూ సంవత్సరాలూ కష్టపడితే మొదటి ప్రతి తయారవుతుంది. ఖర్చంతా దానికే. రెండో ప్రతికి ఒక నిమిషం చాలు. లక్షో ప్రతికీ అంతే! ఉక్కు దొంగకు లారీ కావాలి. ఆట దొంగకు వేలు కదిలిస్తే చాలు. అందుకే ఇక్కడ తాళం కన్నా చట్టం అవసరం ఎక్కువ.

మన దేశంలో గ్రంథస్వామ్య చట్టం 1957లో వచ్చింది. అప్పుడు అందులో కంప్యూటర్ ఊసే లేదు. 1984లో చేసిన సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ‘సాహిత్య కృతి’ అయింది. చూశారా, చట్టం దృష్టిలో మీరు రాసిన ప్రోగ్రాం, కవిగారు రాసిన పద్యం ఒకే వరసలో కూర్చుంటాయి! రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. దానికోసం ఏ కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. నమోదు చేయించుకుంటే రేపు తగవు వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే.

అయితే ఆటలో ప్రతిదీ ఒకరి సొత్తు కాదు. పులిజూదం తీసుకోండి. పులి మేకను దూకి చంపుతుంది, మేకలు పులిని చుట్టుముట్టి కట్టేస్తాయి. ఈ నియమాలు అందరివీ. విశాఖలో ఒకమ్మాయి, వరంగల్లులో ఒకబ్బాయి విడివిడిగా పులిజూదాన్ని ఫోనులోకి తెచ్చినా ఎవరూ ఎవరినీ నిలదీయలేరు. ఆ అమ్మాయి గీసిన పులి బొమ్మను, రాసిన ప్రోగ్రామును ఆ అబ్బాయి ఎత్తుకుపోతే మాత్రం తప్పు. ఊహ అందరిదీ, దాన్ని వ్యక్తం చేసిన తీరు మాత్రం చేసినవాళ్లది.

ఈ గీత ఎక్కడ పడుతుందో కోర్టులే చాలాసార్లు తేల్చవలసి వచ్చింది. 1982లో అమెరికాలో ఫిలిప్స్ వారి ‘కే.సీ. మంచ్‌కిన్’ అనే ఆట ‘పాక్‌మాన్’ను మరీ దగ్గరగా పోలి ఉందని అటారీ కంపెనీ కోర్టుకెక్కి గెలిచింది. చిక్కుదారుల్లో చుక్కలు మింగే ఆట ఎవరైనా చేసుకోవచ్చు, పాత్రల రూపురేఖలు దించేయడమే కుదరదని అక్కడి న్యాయమూర్తులు అన్నారు. మన దేశంలో జరిగిన కథ ఇంకా ఆసక్తికరం. కోల్‌కతాకు చెందిన అగర్వాలా సోదరులు ‘స్క్రాబులస్’ అనే పదాల ఆటను ఇంటర్నెట్‌లో పెట్టారు. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ వారిపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2008లో వచ్చిన తీర్పు ప్రకారం ఆట నియమాల మీద, గడుల అమరిక మీద గ్రంథస్వామ్యం చెల్లలేదు. స్క్రాబుల్‌ను తలపించే పేరును మాత్రం వాడవద్దన్నారు. ఆ ఆట ‘లెక్సులస్’ అనే పేరుతో కొనసాగింది. నాకు ఈ తీర్పు నచ్చింది. నియమాలకు కూడా యజమానులు పుట్టుకొస్తే కొత్తవాళ్లకు ఆడుకునే చోటేది?

ఇక నకిలీల సంగతి. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించే ఆటల పెట్టెలు తెగ అమ్ముడుపోయాయి. వాటిలో చాలామటుకు జపాను యంత్రానికి నకళ్లు. ఒక్క కాట్రిడ్జ్‌లో వందల ఆటలున్నాయని అట్ట మీద రాసేవారు. తీరా చూస్తే అవే పది ఆటలు పేర్లు మార్చుకుని వచ్చేవి! ఇలాంటి సరకును రేవులోనే ఆపడానికి 2007లో నిబంధనలు వచ్చాయి. హక్కుదారు ముందే నమోదు చేసుకుని ఉంటే, అనుమానం కలిగిన పెట్టెలను కస్టమ్స్ అధికారులు నిలిపివేయవచ్చు. కానీ నేటి ఆట ఓడలో రాదు. విశాఖ రేవులో ఎంత గట్టి కాపలా పెట్టినా అది తీగ వెంట, గాలి వెంట మీ ఇంట్లోకి వచ్చేస్తుంది.

“ఆ కంపెనీలకు కోట్లున్నాయి, నేనొక్కణ్ణి కాపీ చేస్తే ఏం పోయింది?” అని మీలో కొందరైనా అంటారు. ఆ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. మన దేశంలో ఎందరో కంప్యూటర్ నేర్చుకున్నది నకిలీ ప్రతుల మీదే. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. నకిలీ ప్రోగ్రామని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నా, లాభం కోసం వాడనివారిని జైలు లేకుండా జరిమానాతో వదిలే వీలు కోర్టుకు ఇచ్చింది. పట్టుకోవలసింది నకిలీలు అమ్ముకునేవాణ్ణి గాని కుర్రవాణ్ణి కాదని నేనంటాను. కాని విదేశీ ఆట ఊరికే దొరుకుతుంటే, నూరు రూపాయలిచ్చి మన తెలుగు ఆట ఎవరు కొంటారు? పెద్ద కంపెనీ ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. ముగ్గురు మనుషుల చిన్న సంస్థ మూతపడుతుంది.

ఇప్పుడు మళ్లీ ఖనిజం దగ్గరకు వద్దాం. బెంగళూరులో ధ్రువ ఇంటరాక్టివ్ 1997లో మొదలైంది. మన దేశపు తొలి ఆటల సంస్థల్లో అది ఒకటి. ఇలాంటి సంస్థలు ఎక్కువగా విదేశీ ఆటలకు బొమ్మలు చేసిపెట్టే పనితో పెరిగాయి. అది మంచి పనే; వేలమంది చేయి తిరిగింది. కాని కూలి ఒక్కసారే అందుతుంది. ఆట పదేళ్లు అమ్ముడుపోయినా ఒప్పందంలో హక్కు రాసిచ్చినవాళ్లకు మళ్లీ పైసా రాదు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే తమ సొంత ఆటను విడుదల చేసింది. అసురుల గాథలు మనందరివీ. ఆ ఆటలోని బొమ్మలు, ప్రోగ్రాం మాత్రం దాన్ని చేసినవాళ్లవి. ఉక్కు అంటే అదీ! పరిశ్రమ పెరిగిందంటే ఎన్ని ఉద్యోగాలొచ్చాయో లెక్క చెబుతారు. ఎన్ని ఆటలకు మనం హక్కుదారులమో కూడా ఆ లెక్కలో చేర్చాలి.

గాజువాకలోనో మధురవాడలోనో మీరు ముగ్గురు నేస్తాలు కలిసి పులిజూదం ఆట తయారుచేస్తున్నారనుకోండి. ప్రోగ్రాం ఎవరు రాశారు, పులిని ఎవరు గీశారు, ఏ తేదీన అన్నది ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. ఆటను అమ్మాలా, లోకానికి ఉచితంగా ఇచ్చేయాలా అన్నది ఆ తర్వాత మీ ఇష్టం. ఇచ్చే హక్కు కూడా హక్కుదారుదే. పులి గెలిచినప్పుడు మోగడానికి సినిమా పాట మాత్రం పెట్టకండి, అది మరొకరిది. మీ తరగతిలో డప్పు వాయించేవాడు ఒకడుంటాడు, వాణ్ణి నాలుగోవాడిగా చేర్చుకోండి.