కాలిపోయిన ఫ్యూజు చెప్పిన మాట



క్రిందటి నెల ఈ పేజీలో గ్యాస్ పొయ్యి రబ్బరు గొట్టం గురించి రాశాను. ఈ నెల కారు సంగతి. మన సంఘాలలో ఇప్పుడు పాత కార్లు కొనుక్కున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఒకరు మిరప పంట డబ్బుతో కొన్నారు, ఇంకొకరికి పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు కొనిచ్చాడు. సంతోషమే. అయితే ఎండలు ముదిరేసరికి ఈ కార్లకు వచ్చే మొదటి జబ్బు ఇంజను వేడెక్కడం. ఆ జబ్బుకు చాలాసార్లు కారణం రేడియేటర్ ఫ్యాను తిరగకపోవడం. నేను మెకానిక్కును కాను. కానీ ఈ విషయంలో తప్పు చేసి, ఇంటిల్లిపాదినీ ప్రమాదం అంచుదాకా తీసుకువెళ్లి, నేర్చుకున్నవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

2023 మే నెల. రెంటచింతల అవతల ఒక పల్లెలో భూస్థాపన ఆరాధన మూడు గంటలకు. మా పాత చిన్న కారులో నేను, నా భార్య, చిన్నపాప, సంఘంలోని ఒక పెద్దమ్మగారు బయలుదేరాము. రెంటచింతల ఎండ ఎలాంటిదో పల్నాటివారికి చెప్పనక్కరలేదు. గురజాల దగ్గర రైలు గేటు పడింది. ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా నిలబడ్డాము. గేటు తీసేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరకు పోయింది.

రోడ్డు ప్రక్కన ఒక షాపు కనబడితే ఆపాను. అక్కడి కుర్రవాడు పెట్టె తెరిచి, "ఫ్యాను ఫ్యూజు పోయింది అయ్యగారూ" అని క్రొత్తది పెట్టాడు. తాళం తిప్పగానే అదీ పోయింది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. అప్పుడతను, "రాగి పోగులు మెలేసి పెట్టేస్తానండి, ఇక పోయే పనే ఉండదు" అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. రెండున్నర. "సరే బాబూ, పెట్టెయ్" అన్నాను. ఫ్యాను మూలుగుతూ తిరిగింది. మేము బయలుదేరాము.

పది కిలోమీటర్లు పోయామో లేదో, పెద్దమ్మగారు "అయ్యగారూ, ఏదో కాలుతున్న వాసనండీ" అన్నారు. "పొలాల్లో చెత్త కాలుస్తున్నారులే అమ్మా" అన్నాను. మరో నిమిషానికి బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. కారు ఆపి అందరినీ దించి దూరంగా చెట్టు క్రిందికి పంపాను. మంట లేదని చూసుకుని బానెట్ తెరిచి, పానాతో బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాను. పొగ ఆగింది. ఫ్యాను వైరు మీది తొడుగు మూరెడు పొడవున కరిగి, ప్రక్క వైర్లకు అంటుకుపోయి ఉంది. పెట్రోలు గొట్టం అక్కడికి జానెడు దూరం. పాప తల్లి కొంగు పట్టుకుని ఏడుస్తోంది. దేవుని కృపనుబట్టి మేము బ్రతికి ఉన్నాము. ఆటో పట్టుకుని గంటన్నర ఆలస్యంగా వెళితే, ఆ దుఃఖంలో ఉన్న కుటుంబం మా కోసం కాచుకుని కూర్చుంది.

మరునాడు కారు చూసిన ఎలక్ట్రీషియన్ పెద్దాయన కరిగిన వైరు చేతిలో పట్టుకుని, "ఫ్యూజు మీ శత్రువు అనుకున్నారా అయ్యగారూ? అది మీ కాపలావాడు. వాడి నోరు కట్టేసి మీరు ప్రయాణం చేశారు" అన్నాడు. ఫ్యాను మోటారు లోపల దుమ్ము పేరుకుని, బుష్‌లు అరిగి, ఇరుసు పట్టేసింది. అది తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతుంటే, ఫ్యూజు తన పని తాను చేసింది. మూడుసార్లు చెప్పింది. నేను వినలేదు.

ఫ్యాను పని ఏమిటి?

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కార్లలో ఫ్యాను ఇంజను బెల్టుతో తిరిగేది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరిగేది. 1983లో మారుతి 800 వచ్చింది. అటువంటి చిన్న కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది గనుక బెల్టు ఫ్యాను రేడియేటర్ ఎదుట కుదరదు. అందుకని కరెంటు మోటారుతో తిరిగే ఫ్యాను పెట్టారు. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్ను చల్లబరుస్తుంది. గేటు దగ్గర, సంతలో, నెమ్మదిగా పోయేటప్పుడు గాలి ఉండదు. అప్పుడు రేడియేటర్ నీటి వేడి సుమారు 90 నుండి 100 డిగ్రీల మధ్యకు చేరేసరికి ఒక స్విచ్చో సెన్సారో పసిగట్టి, రిలే ద్వారా ఫ్యానుకు కరెంటు ఇస్తుంది. "రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఆగితేనే వేడెక్కుతుంది" అంటే మొదట అనుమానించవలసింది ఫ్యానునే.

ఫ్యూజు ముఖ్యంగా మోటారును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఒక్కొక్క వైరు మోయగల కరెంటుకు ఒక హద్దు ఉంది. కరెంటు రెండింతలైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అందుకే దారి మొత్తం మీద అన్నిటికంటే బలహీనమైన చోటుగా ఫ్యూజును కావాలని పెడతారు. అది పోవాలి, వైరు మిగలాలి.

వరుసగా చూడవలసినవి

మొదట జాగ్రత్త. ఇంజను వేడి మీద ఉండగా రేడియేటర్ మూత తెరవకండి. మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారేదాకా ఆగండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుంది గనుక చీర కొంగు, కండువా, వేళ్లు దాని దగ్గరకు పోనివ్వకండి.

1. కూలెంట్ మట్టం చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీది రెండు గీతల మధ్య ఉండాలి. అది ఖాళీగా ఉంటే ముందు లీకు సంగతి చూడాలి.

2. ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీ వేయగానే రేడియేటర్ దగ్గరి ఫ్యాను తిరగాలి. ఒకే ఫ్యాను ఉన్న కారులో ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే, మోటారు మంచిదే. వేడిని పసిగట్టే స్విచ్చును, దాని వైరును అనుమానించాలి.

3. ఫ్యూజు తీసి చూడండి. ఏది ఫ్యానుదో కారు పుస్తకంలోనూ, పెట్టె మూత మీదా ఉంటుంది. రెక్క ఫ్యూజులకు రంగే గుర్తు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, తెలుపు 25, ఆకుపచ్చ 30. పోయినది ఏ అంకెదో అదే అంకెది పెట్టాలి. ఇంట్లో ఫ్యూజు కట్టినట్లు పోగులు కట్టకూడదు. పెద్ద అంకె ఫ్యూజు పెట్టినా అదే ప్రమాదం.

4. క్రొత్తది కూడా పోతే మూడవది పెట్టకండి. బ్యాటరీ తీగ తీసి, ఫ్యాను రెక్కను చేత్తో త్రిప్పండి. సులువుగా తిరగాలి. తరువాత ఫ్యాను మోటారు ప్లగ్గు ఊడదీసి ఉంచి, బ్యాటరీ తగిలించి, ఫ్యూజు పెట్టి చూడండి. ఇంజను వేడి మీద ఉండి ఫ్యానుకు కరెంటు రావలసిన సమయంలో, ప్లగ్గు ఊడదీసినా ఫ్యూజు పోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ప్లగ్గు పెట్టినప్పుడే పోతే జబ్బు మోటారులో ఉంది.

5. ఫ్యూజు బాగుండి ఫ్యాను తిరగకపోతే రిలే చూడాలి. హారన్ రిలే అచ్చంగా అదే రకమైతే మార్చి పెట్టి చూడవచ్చు. ప్లగ్గు దగ్గర 12 వోల్టుల టెస్ట్ బల్బు పెడితే కరెంటు వస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. కరెంటు వస్తున్నా తిరగకపోతే ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో గీకి బిగించి, ఆ తరువాతే మోటారు మీద ఖర్చు పెట్టండి.

ఒక హెచ్చరిక. ఈ బల్బు పరీక్ష పాత, సాదా కార్లకు. ఇప్పటి కార్లలో ఫ్యానును చిన్న కంప్యూటరు నడుపుతుంది. వాటి సెన్సారు వైర్లలో బల్బులు, పిన్నులు గుచ్చకండి. స్కానర్ ఉన్న షాపుకు తీసుకువెళ్లండి.

దారిలో ఇబ్బంది వస్తే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టండి. ఉక్కగా ఉంటుంది, కానీ ఇంజను వేడి కొంత అటుగా బయటికి పోతుంది. ముల్లు దిగితే, ఖాళీ రోడ్డు మీద ఆగకుండా దగ్గరి షాపు వరకు పోవచ్చు. ముల్లు ఎర్ర గీత తాకితే మాత్రం ఇంజను ఆపేయండి. మరుగుతున్న ఇంజను మీద చల్లటి నీళ్లు పోయకండి, లోహం పగలవచ్చు. పొగ వస్తే సామాను కోసం చూడక ముందు మనుషులను దించండి. మంట కనబడితే బానెట్ ఎత్తకండి. గాలి తగిలి మంట పెరుగుతుంది.

నా లోపలి ఫ్యూజు

ఇక నేను దాచుకోకుండా చెప్పవలసిన సంగతి. ఆ సంవత్సరం కోత పండుగ లెక్కల సమయంలో, కమిటీ అందరి ఎదుట, మా సంఘ కోశాధికారిని ఒక మాట అన్నాను. ఆయన నా తండ్రి వయస్సువాడు. ఇంటికి వచ్చి కాగితాలు మళ్లీ కూడితే, తప్పు ఆయన కూడికలో లేదు, నా కూడికలో ఉంది. ఆ రాత్రే మనస్సాక్షి గుచ్చింది. "కమిటీ ముగిసిపోయిందిగా" అనుకున్నాను. ప్రభురాత్రి భోజన ఆదివారం రొట్టె పట్టుకుని ఆయన ఎదుట నిలబడినప్పుడు మళ్లీ గుచ్చింది. "ఆయన మరచిపోయి ఉంటాడు" అనుకున్నాను. మూడవసారి గుచ్చితే, "కాపరి క్షమాపణ అడిగితే సంఘంలో విలువ ఉంటుందా?" అని మందపాటి పోగు ఒకటి మెలేసి పెట్టాను. ఆ తరువాత గుచ్చడం మానేసింది. దాన్నే నేను సమాధానం అనుకున్నాను.

వాత పెట్టినట్లు మొద్దుబారిన మనస్సాక్షి గురించి పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో, నాలుగవ అధ్యాయంలో ఉంది. దాని మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. కరిగిన వైరు చేత్తో పట్టుకున్న రోజున గాని నాకు అర్థం కాలేదు. గుచ్చడం మానేసిన మనస్సాక్షి బాగుపడిన మనస్సాక్షి కాదు. ఫ్యూజు పోవడం ఆగింది, అంతే. వేడి లోపల పెరుగుతూనే ఉంది. ఆ రెండు నెలల్లో ఇంట్లో నా మాట కరుకైంది, ప్రార్థన పొట్టిదైంది.

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. తప్పు నాదని చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "లెక్క నేను ఆ రోజే మళ్లీ చూసుకున్నాను అయ్యగారూ. మీరు వస్తారని కాచుకుని ఉన్నాను" అన్నారు. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాము. తరువాతి కమిటీలో, నేను ఆ మాట అన్న చోటనే, అందరి ఎదుట తప్పు ఒప్పుకున్నాను. అర్పణ బలిపీఠము దగ్గర విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పింది విశ్వాసులకు మాత్రమే కాదు, బల్ల వెనుక నిలబడే మాకు కూడా.

ప్రియ చదువరీ, మీ కారులో ఎవరైనా పోగులు మెలేసి పెట్టారేమో, ఈ వారమే పెట్టె తెరిచి చూడండి. ఉంటే తీయించి, సరైన ఫ్యూజు పెట్టించి, అది ఎందుకు పోతున్నదో కనుక్కోండి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక్క నిమిషం మౌనంగా ఉండి, లోపలి పెట్టె కూడా తెరిచి చూసుకోండి. ఎవరి గుమ్మం ఎక్కవలసి ఉన్నదో అక్కడ తెలుస్తుంది.

మన ప్రయాణములను, మన ఇండ్లను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.