సాహసమని మెచ్చుకోకండి

ప్రొద్దుటూరు నుంచి మంత్రాలయం దాకా ఒంటరిగా సైకిలు మీద వెళ్ళానని తెలిసి మిత్రులు కొందరు నన్ను సాహసి అన్నారు. మరికొందరు "ఈ వయసులో ఎందుకు మాస్టారూ, బస్సులు లేవా?" అన్నారు. రెండు మాటలకూ నాకు అభ్యంతరముంది. మెచ్చుకోలుకు మరీ ఎక్కువ.

తెలుగు పండితుణ్ణి గనుక మాటతోనే మొదలుపెడతాను. 'సాహసం' ఇప్పుడు మంచిమాట అయింది గాని, ధర్మశాస్త్రాలలో అది బలప్రయోగంతో చేసే నేరానికి పేరు. ఆ అర్థంలోనైతే ఒప్పుకుంటాను. ఆ దారిలో సాహసం జరిగింది. చేసినవాణ్ణి మాత్రం నేను కాను.

మూడవనాటి సంగతి ఒక్కటే చెబుతాను. ఫాల్గుణమాసం. తెలతెలవారుతుండగా గుత్తిలో బయలుదేరాను. ఇరవైరెండంగుళాల పాత సైకిలు. వెనుక క్యారియరుకు ఒక పంచె, దుప్పటి, గాలిపంపు, పంక్చరు సామాను. గుత్తి దగ్గర 44వ జాతీయ రహదారి మీద డివైడరులో పూలమొక్కలు కనిపించాయి. రాత్రివేళ ఎదుటి బండ్ల వెలుతురు కళ్ళలో పడకుండా అవి అడ్డుపడతాయట. మంచిదే. కాని చింతచెట్లేవని అడిగితే ఆ మొక్కలనే చూపిస్తే ఎలా? డివైడరు నీడలో ఏ బాటసారి నిలబడతాడు?

పత్తికొండ దారి పట్టి ఎర్రగుడి చేరాను. అక్కడి గుట్ట బండల మీద అశోకుని శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్ది నాటివి, బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో. వాటిలో రెండవ శిలాశాసనం దారుల ప్రస్తావన చేస్తుంది. మనుషులకూ పశువులకూ పనికివచ్చేలా బావులు తవ్వించి, చెట్లు నాటించానని చక్రవర్తి చెప్పుకున్నాడు. అశోకుడు రోడ్డుకిరువైపులా చెట్లు నాటించెను అని మనమందరం చిన్నప్పుడు వల్లించినదే. ఇప్పుడా వాక్యం నవ్వుకోవడానికి మిగిలింది. ఆ మాట రాతి మీద ఉన్న చోటు నుంచి బయలుదేరిన నాకు, పదకొండు గంటల ఎండలో, తల దాచుకోవడానికి ఒక్క చెట్టు దొరకలేదు. చివరికొక ఫ్లెక్సీ బోర్డు నీడలో నిలబడ్డాను. పైన నాయకుడెవరో చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన చేసిన పనులలో నాకు ఉపయోగపడింది ఆ నీడ ఒక్కటే.

తరువాతి పల్లెలో టీ అంగడామెను నీళ్ళడిగాను. "సీసానా, కుండవా సామీ?" అన్నది. కుండవే అన్నాను. చెంబుతో ఇచ్చి, డబ్బులివ్వబోతే, "నీళ్ళకు దుడ్లేంది?" అని కసిరింది. చలివేంద్రాల ధర్మం ఆమె దగ్గర ఇంకా బతికే ఉంది. దారి వేసినవారి దగ్గరే లేదు.

ఎండ తగ్గేదాకా అక్కడే ఆగి మళ్ళీ ఎక్కాను. కొంతదూరం పోయాక వెనుక నుంచి లారీ హారను. పక్కకు తప్పుకుందామంటే తారు అంచు నేలకు జానెడెత్తున ఉంది. చక్రం జారింది, మోకాలు చీరుకుపోయింది. లారీ ఆగలేదు. దాని తప్పేమీ లేదు. నాకక్కడ చోటుందని ఎవరూ దానికి చెప్పలేదు.

పత్తికొండ సమీపిస్తుండగా ఇద్దరు బాలికలు బడి నుంచి సైకిళ్ళ మీద వస్తున్నారు. బండి చప్పుడు వినబడగానే ఇద్దరూ దిగి, సైకిళ్ళను కంకరలోకి దించి, అది పోయాక మళ్ళీ ఎక్కుతున్నారు. "ఎందుకమ్మా దిగుతారు?" అంటే, "హారన్ కొడితే దిగాల తాతా" అన్నారు, నాకు తెలియని నియమం నేర్పుతున్నట్టు. తొమ్మిదవ తరగతి బాలికలకు 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వమే సైకిళ్ళు పంచింది. సైకిలిచ్చి, దాన్ని తొక్కడానికి రెండడుగుల అంచు ఇవ్వకపోవడం ఏమి ఔదార్యం? మోకాటి గాయం కన్నా ఆ పిల్లల మాట నన్ను ఎక్కువ బాధించింది.

పత్తికొండలోనే 1827 జూలై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలరాతో చనిపోయాడు. ఆయన స్మృతికి ఆనాటి ప్రభుత్వం అక్కడ తోట వేయించి, రాతిమెట్ల బావి కట్టించింది. నేను దొరల భక్తుణ్ణి కాను. పన్నులు పిండుకున్న ప్రభుత్వమే అది. అయినా దారిలో చనిపోయినవానికి నీడా నీరూ తగిన స్మారకమని దానికి తోచింది. మన ప్రభుత్వాలకు ఎందుకు తోచదు?

రోడ్లు వెడల్పు కావద్దా, అంబులెన్సు వేగంగా రావద్దా అని అడుగుతారు. రావాలి. నేనడిగేది వేగాన్ని తగ్గించమని కాదు. సైకిలు బాటలు ఎలా వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సూచనలిచ్చింది. రహదారుల పక్కన చెట్లు పెంచాలని 2015లో కేంద్రప్రభుత్వం ఒక విధానమే ప్రకటించింది. అంటే తెలియక కాదు. సైకిలెక్కేవాడు పేదవాడు, పిల్లవాడు, ముసలివాడు. అడిగేవాడు కాడు. అందువల్లనే.

నా చిన్నతనంలో మా నాయన వడ్ల బస్తా వేసుకొని ఇంతకంటె దూరం తొక్కేవాడు. ఆయనను ఎవరూ సాహసి అనలేదు. చింతల నీడన పోయి, చింతల నీడన తిరిగివచ్చేవాడు. ఆ చెట్లు కొట్టేసి, అంచులు కోసేసి, ఇప్పుడదే ప్రయాణానికి చప్పట్లు కొట్టడం న్యాయమా?

నా మోకాలు మానింది. మెచ్చుకోదలచిన మిత్రులు ఆ మాటలు నాకు వద్దు. ఒక అర్జీ రాసి మీ మండలాఫీసులో ఇవ్వండి. మీ ఊరి బడి దారికి అంచూ, ఆ అంచున చెట్టూ కావాలని అడగండి. వచ్చే ఫాల్గుణంలో మళ్ళీ బయలుదేరుతున్నాను.