పైసలున్నోడికి పర్మిట్టు, కూలోడికి జైలా?

సౌదీ సర్కారు 2019లో ఒక పర్మిట్టు తెచ్చింది. 8 లక్షల రియాళ్లు ఒకేసారి కట్టినోడు, లేదా ఏటా లక్ష కట్టేటోడు కఫీల్ లేకుండానే అక్కడ సొంత వ్యాపారం చేసుకోవచ్చు.

మరి కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి అప్పుచేసి పోయిన కూలోడి సంగతేంది? కఫీల్ కింద ఎన్నేండ్లు చెమటోడ్చినా సొంత పేరున చాయ్ హోటలు పెట్టరాదు. సౌదీవాడి పేరు చాటున నడిపితే 2020 చట్టం కింద అయిదేండ్ల దాకా జైలు, 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా. పేరిచ్చినోడికీ శిక్ష ఉంది, కానీ దేశం నుంచి గెంటేది మనోణ్ణే!

అన్నలారా, అక్కలారా! "ఆజాద్ వీసా, అక్కడ నీ ఇష్టం" అనే ఏజెంటును నమ్మకండి. వీసాలో ఏ పని, ఎవరి కింద అని రాసుందో చదివించుకున్నాకే పైసలియ్యండి.

కూలోడు కట్టగల ఫీజుతో చిన్న వ్యాపారాలకూ పర్మిట్టు ఇయ్యాలని మన ప్రభుత్వాలు సౌదీని అడగాలె. పెట్టుబడికి తెరిచిన తలుపు చెమటకూ తెరవాలె. ఇదే మా డిమాండు.