పోస్టర్ మీద మా పేరు కూడా రాయండి

పోయిన చలికాలం ఒక శనివారం. పొద్దున ఆరింటికి పాశమైలారంలో నైట్ షిఫ్ట్ దిగి, రూముకొచ్చి నాలుగు గంటలు పండుకున్నం. లేచి ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో మాట్లాడుకున్నం. ఐదుగురం. ఒళ్లో రెండు గుమేలాలు, ఒక ఢోలు, ఒక పెప్రె. మా దోస్తు చేతిలో కిస్తీల మీద కొన్న గిటార్. నగరానికి అవతలి పక్క రెండు రోజుల ఇండీ మ్యూజిక్ ఫెస్టివల్ ఉంది. మాకు అందులో పావుగంట ఇచ్చిండ్రు.

ముందే ఒక మాట చెప్తున్నా మిత్రులారా. మేం మస్తు ఖుష్ అయినం. ఇది ఏడుపు పోస్టు కాదు.

ఎందుకు చెప్తున్ననంటే, పోయే ముందు మనోళ్లే కొందరు అడిగిండ్రు: "అది పైసలున్నోళ్ల పిల్లల ఆట, ఉద్యమంలో ఉన్నోళ్లకు అక్కడేం పని?" అని. నాకు ఆ మాట నచ్చలేదు. ఆదివాసీ అంటే ధర్నాలోనే కనబడాలా? చచ్చిపోయినప్పుడే వార్త కావాలా? డప్పు కొట్టి, నవ్వి, రాత్రి దాకా పాటలు వినే హక్కు మనకు లేదా? మన హక్కుల పోరాటానికే తుడుందెబ్బ అని పేరు పెట్టుకున్నోళ్లం. వాయిద్యం మనకు పక్క పని ఎప్పుడైంది?

అసలు ఇండీ అంటే ఏంది? సినిమా మీద, పెద్ద కంపెనీ మీద ఆధారపడకుండా సొంత పాట సొంతంగా పాడుకునుడు. పాట అంటే సినిమా పాటే అనుకునే మన తెలుగు నేల మీద అది చిన్న విషయం కాదు. ఆ లెక్కన చూస్తే మా దండారీకి మించిన ఇండీ ఎక్కడుంది చెప్పండి. దీపావళి రోజుల్లో ఒక ఊరి దండారీ బృందం ఇంకో ఊరికి నడిచి పోతది. ఆ ఊరోళ్లు ఎదురొచ్చి తోలుకపోతరు, అన్నం పెడతరు, రాత్రంతా ఆట. మళ్లీ వాళ్లు మన ఊరికొస్తరు. టికెట్ లేదు, స్పాన్సర్ లేడు. చూసేటోడు, ఆడేటోడు అని గీత కూడా గట్టిగ ఉండది. బ్యాండ్లు టూర్ అంటున్నరు కదా, మా తాతలు కాలినడకన చేసింది అదే.

ఇగ స్టేజీ సంగతికొస్త. పోస్టర్ మీద ప్రతి బ్యాండుకు పేరుంది. మా దగ్గరికొచ్చేసరికి 'ట్రైబల్ బీట్స్' అని రాసి ఊకున్నరు. మేం పంపిన పేరు ఏమైందో తెల్వదు. గుస్సాడీల నెమలి పింఛాల కిరీటం పెట్టుకొని రమ్మన్నరు. మేం ఒప్పుకోలే. అది దండారీ రోజుల్లో నియమం పట్టి, దేవుని ముందు పెట్టుకునేది. అద్దెకు తెచ్చే డ్రెస్ కాదు. మేం జీన్స్ ప్యాంట్ల మీదనే ఎక్కినం. యాంకరేమో "దట్టమైన అడవుల నుంచి వచ్చిన..." అని మొదలుపెట్టిండు. మా పెప్రె ఊదే పిలగాడు నా చెవిలో "అన్నా, మనం ఇస్నాపూర్ నుంచి కదా" అన్నడు. నవ్వు ఆగలేదు.

మిగతా బ్యాండ్లకు సౌండ్ చెక్ దొరికింది, మాకు దొరకలేదు. ఐదుగురికి రెండు మైకులు. గుమేలా కుండ వాయిద్యం, దాని లోగొంతు మైకు దగ్గర పెడితేనే తెలుస్తది. పెప్రె ఒక్కటే అన్నింటినీ మింగేసింది. అయినా రెండో పాటకొచ్చేసరికి ముందున్న పిల్లలు చేతులు పట్టుకొని అడుగు కలిపిండ్రు. ఎవరూ నేర్పలేదు. ఆ ఐదు నిమిషాలు నాకు షిఫ్ట్ లేదు, కాంట్రాక్టర్ లేడు.

దిగినంక గడ్డి మీద కూసొని అందరి పాటలు విన్నం. ఒక అమ్మాయి గిటార్ పట్టుకొని వాళ్ల అమ్మ మీద సొంతంగా రాసుకున్న తెలుగు పాట పాడింది. మాలో ఇద్దరం కళ్లు తుడుచుకున్నం. ఒక ప్లేటు తిండి ధర మా సగం రోజు కూలి, అందుకని ఒకటే తీసుకొని ఐదుగురం పంచుకున్నం. ఆదివారం మాత్రం ఉండలేదు. షిఫ్ట్ ఉంది. వారానికొక సెలవు ఇయ్యాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కానీ రోజు లెక్కన కూలి తీసుకునే కాంట్రాక్ట్ కార్మికునికి సెలవంటే ఆ రోజు కూలి పోవుడే. వీకెండ్ అనే మాట మా బెల్టులో అందరికీ ఒకటే అర్థం కాదు.

ఇప్పుడు అసలు విషయం. పేరు రాయకపోతే ఏమైతది అంటరు కొందరు. చాలా అయితది. పేరు లేనోనికి రేటు ఉండది. పేరు లేనోన్ని మళ్లీ పిలవరు, ఇంకెవరినైనా తెచ్చి అదే 'ట్రైబల్ బీట్స్' బోర్డు కింద నిలబెడతరు. ఇది దయ అడుగుడు కాదు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 38బి సెక్షన్ వచ్చింది. ప్రదర్శన ఇచ్చినోళ్లకు తమ పేరుతో గుర్తింపు కోరే హక్కు ఉందని అది చెప్తది. ప్రదర్శనను మన సమ్మతి లేకుండా రికార్డు చేయకుండా చూసుకునే హక్కు 38ఎ సెక్షన్‌ల ఉంది. పాట తాతలది కావచ్చు, ఆ రోజు వాయించిన చెయ్యి మనది.

అవార్డులు రాలేదా అంటే, వచ్చినయి. మార్లవాయి కనకరాజు తాతకు గుస్సాడీ కోసం 2021లో పద్మశ్రీ. కోయ కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య తాతకు 2022లో. ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచిపోయిండ్రు. వాళ్లకు జోహార్లు. కిన్నెర మొగులయ్య గారిని చూడండి. 2021లో సినిమా పాటతో ఊరూరా తెలిసిండు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన రోజుకూలి పని చేస్తున్న వీడియో అందరం చూసినం. సన్మానం వేరు, బతుకుదెరువు వేరు. శాలువా కప్పితే ఒక రోజు గడుస్తది. ఏడాది పొడుగునా న్యాయమైన రేటుకు స్టేజీలు దొరికితేనే కళ బతుకుతది.

సాధ్యం కాదా? అరుణాచల్‌లో అపతానీల లోయలో 2012 నుంచి జీరో ఫెస్టివల్ జరుగుతుంది. స్టేజీలు స్థానికులు వెదురుతో కడతరు, దేశం నలుమూలల నుంచి బ్యాండ్లు అక్కడికే పోతయి. చెన్నైలో 2018 జనవరిలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటిసారి స్టేజీ ఎక్కింది. గానా, పరై పక్కన గిటార్ నిలబడింది, పేరు వాళ్లే పెట్టుకున్నరు.

మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలె. మా గోండుల కథలు, వంశాల చరిత్ర తరతరాలుగా కిక్రి మీద పాడి నిలబెట్టింది పర్ధాన్లు. వాళ్లను మనమే ఎప్పుడూ ఓ మెట్టు కింద కూసోబెట్టినం. స్టేజీ మీద సమానత్వం అడిగేటోళ్లం ముందు మన గూడెంలో పక్కన కూసోబెట్టుకోవాలె. నేను డిగ్రీ చదివిన, కానీ కిక్రికి శ్రుతి చేసుడు రాదు. ఇది నా సిగ్గు.

మన సంగారెడ్డి జిల్లాలోనే కందిలో ఐఐటీ ఉంది, రుద్రారంలో గీతం ఉంది. ఏటా ఉత్సవాలు చేస్తరు. ఆ కాలేజీల్లో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే వినండి. మీకు పదిహేను కిలోమీటర్ల లోపల, రేకుల షెడ్లల్లో, ఆదిలాబాద్ నుంచి, ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన పాటగాళ్లు ఉన్నరు. పిలవండి. పిలిస్తే నాలుగు పనులు చేయండి: పోస్టర్ మీద వాళ్లు చెప్పిన పేరు రాయండి. రేటు ముందే కాగితం మీద పెట్టండి. అందరిలెక్కనే సౌండ్ చెక్ ఇయ్యండి. వీడియో పెట్టే ముందు ఒక్క మాట అడగండి.

మనోళ్లకు ఒకటే మాట. పిలుపొస్తే పోండి. ఆడండి, ఖుషీ చేయండి, మిగతావాళ్ల పాట కూడా కూసొని వినండి. కాకపోతే ఎక్కే ముందు పోస్టర్ చూడండి. మీ పేరు లేకపోతే, మైకు చేతికి రాంగనే మొదటి పాటకంటే ముందు మీ పేరు మీరే చెప్పండి.

ఈసారి మేం అదే చేస్తం. జై సేవ.