పీఎం 10 అంటే..?

కుప్పం, గుడుపల్లె వైపు గ్రానైట్ పనులు జరిగే చోట ఆకుల మీద తెల్లటి దుమ్ము చూసే ఉంటారు. అయితే అసలు ప్రమాదం కంటికి కనిపించని దుమ్ముతోనే.

పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలు. మన వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు! పెద్ద కణాల్ని చాలావరకు ముక్కు, గొంతు ఆపేస్తాయి. పీఎం 2.5 మాత్రం ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. గ్రానైట్‌లోని సిలికా ఏళ్ల తరబడి అలా చేరితే సిలికోసిస్ వస్తుంది. అది నయమయ్యే జబ్బు కాదు.

2009 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం, ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున పీఎం 10 వంద, పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములు దాటకూడదు.

ముక్కుకు చుట్టుకునే తువ్వాలు ఈ కణాల్ని ఆపలేదు. డ్రిల్లు దిగేచోట నీళ్లు వదిలితే దుమ్ము చాలావరకు అక్కడే అణుగుతుంది. క్వారీ కూలీలు ముందుగా అడగాల్సింది ఆ నీళ్లే.