కుక్కపిల్లలను పొలిమేర దాటిస్తే బెడద తీరదు
ఇల్లు దొరికేదాకా సాకడమే మేలైన మార్గం

ఊరకుక్కల బెడద పల్లెలకు కొత్త కాదు. బడికి వెళ్లే పిల్లల వెంటపడటం, రాత్రిపూట మోటారు సైకిళ్లకు అడ్డుపడటం, మందలోని గొర్రెపిల్లలను, దొడ్లోని కోళ్లను ఎత్తుకుపోవడం గ్రామస్థులకు నిత్యం ఎదురవుతున్న ఇబ్బందులే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించిన సంఘటన అందరినీ కలచివేసింది. కుక్కలంటే భయపడే తల్లిదండ్రులది అనవసరపు భయమని ఎవరూ అనలేరు. అయితే ఈ బెడద తీర్చుకోవడానికి పల్లెలు ఎంచుకున్న పద్ధతే బెడదను పెంచుతోందన్న సంగతిని చాలామంది గమనించడం లేదు.

ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. ఏ గడ్డివామి చాటునో, పాడుబడిన ఇంట్లోనో కుక్క పిల్లలు పెడుతుంది. అవి కళ్లు తెరిచి, నడక నేర్చి వాకిళ్లలోకి రాగానే మగపిల్లలకు గిరాకీ వస్తుంది. పొలం కాపలాకు ఒకరు, మంద కాపలాకు మరొకరు పట్టుకుపోతారు. ఆడపిల్లలను అడిగేవారు ఉండరు. చివరకు వాటిని గోనెసంచిలో వేసి, చీకటిపడ్డాక పొరుగూరి పొలిమేరలో వదిలి వస్తారు. పొరుగూరివారు చేసేదీ అదే. ఈ ఊరి సంచి ఆ ఊరికి, ఆ ఊరి సంచి ఈ ఊరికి చేరుతుంది. రెండు ఊళ్లలోనూ కుక్కలు తగ్గవు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆడకుక్క ఆరు నెలల నుంచి ఏడాది వయసు మధ్య ఎదకు వస్తుంది. చూలు సుమారు 63 రోజులు మోస్తుంది. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు పెట్టడం మామూలు. అంటే పొలిమేరలో వదిలేసిన ఆడపిల్లల్లో ఒక్కటి బతికినా, మరుసటి ఏటికల్లా అది అక్కడొక కుక్కల గుంపుకు తల్లి అవుతుంది.

వదిలేసిన పిల్లల్లో ఎక్కువ భాగం చనిపోతాయన్నది నిజమే. కోల్‌కతాలోని భారత విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో ఈడుకు వచ్చేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. చనిపోయిన వాటిలో నూటికి 63 మనుషుల కారణంగానే చనిపోయాయని తేలింది. నూటికి 80కి పైగా పిల్లలు చనిపోతున్నా వీధుల్లో కుక్కలు తగ్గడం లేదంటే, చావు మీద ఆధారపడిన లెక్క పనిచేయడం లేదనే అర్థం. మిగిలిన ఆ కొద్దిపాటి కుక్కలే ఖాళీలను పూరిస్తున్నాయి.

పైగా అలా మిగిలినవి ఎలాంటి కుక్కలన్నది కూడా చూడాలి. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఉన్న కాలం చాలా ముఖ్యమైనది. ఆ రోజుల్లో మనిషి చేతి స్పర్శ, ఇంటి చప్పుళ్లు, పిల్లల ఆటలు అలవాటైతే జీవితాంతం మనిషిని నమ్ముతుంది. ఆ రోజుల్లో రాళ్లదెబ్బలు, ఆకలి మాత్రమే తెలిస్తే మనిషిని చూసి బెదరడమో, మీదపడటమో నేర్చుకుంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పల్లెలు సరిగ్గా ఆ వయసులోనే పిల్లలను పొలిమేరల్లో పారవేస్తున్నాయి.

చట్టం ఏమంటోంది?

విషం పెట్టి చంపించడం కొన్నిచోట్ల ఇప్పటికీ పరిష్కారంగా చెలామణీ అవుతోంది. అది నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అవయవాలు దెబ్బతీసినా ఐదేళ్ల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తిండీ నీరూ లేక అలమటించే పరిస్థితుల్లో జంతువును వదిలేయడం కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద తప్పే.

2023లో కేంద్రం ప్రకటించిన జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించి, పిచ్చికుక్క వ్యాధి టీకాలు వేయించే బాధ్యతను స్థానిక సంస్థల మీద ఉంచాయి. వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో మరో వెసులుబాటు కూడా కల్పించింది. వీధికుక్కను పెంచుకోదలచిన వారు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చునని, అయితే ఆ కుక్క తిరిగి వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కలను తొలగించి ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది.

చిక్కంతా ఈ ఆశ్రయాల దగ్గరే వస్తోంది. విశాఖపట్నంలో 1996 నుంచి ఒక జంతు సంరక్షణ సంఘం, హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూక్రాస్ పనిచేస్తున్నాయి. ఇవి నగరాల సంస్థలు. దారితప్పిన పశువులకైతే పల్లెల్లో ఒకప్పుడు బందెలదొడ్డి ఉండేది. కుక్కలకు అదీ లేదు. కాబట్టి పల్లెలో కుక్కపిల్లకు దొరకగల ఆశ్రయం ఏ ఇంటి వసారాయో, పశువుల కొట్టంలో ఒక మూలో మాత్రమే.

తాత్కాలికంగా సాకడం అంటే?

నగరాల్లో ఈ పద్ధతి కొంతకాలంగా నడుస్తోంది. వీధిలో దొరికిన పిల్లను పెంచుకునే స్థోమత లేనివారు కూడా, పెంచుకునేవారు దొరికేదాకా కొన్ని వారాలు తమ ఇంట్లో ఉంచుతారు. టీకాలు వేయించి, మనుషులకు అలవాటు చేసి అప్పగిస్తారు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2025 ఆగస్టులో బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత శిబిరాన్ని ఏర్పాటు చేసింది. అలాంటి శిబిరానికి పిల్ల ఆరోగ్యంగా రావాలంటే అంతకుముందు దాన్ని ఎవరో ఒకరు సాకి ఉండాలి.

మద్రాసులో పేరొందిన బ్లూక్రాస్ సంస్థ పుట్టుక కూడా ఇలాంటిదే. 1959లో వరదనీటిలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లలను విమాన చోదకుడు కెప్టెన్ సుందరం తన ఇంటికి తీసుకువెళ్లారు. ఆ ఇంటి నుంచే సంస్థ పెరిగింది. ఒకరి దూడను మరొకరు సాకడం తెలిసిన పల్లెలకు ఈ పద్ధతి అర్థం కానిదేమీ కాదు. ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటే. ఇది గడువున్న పని. పిల్లకు రెండు నెలలు నిండాక అప్పగించడం మొదలుపెట్టవచ్చు.

ఏ ఏర్పాట్లు అవసరం?

నాలుగు వారాలు నిండని పిల్లలను తల్లి నుంచి వేరుచేయరాదు. తల్లితో సహా ఒకేచోట ఉండనిచ్చి, తల్లికి తిండి పెట్టడమే తేలిక. కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటే ఎక్కువ. అందుకే ఆవుపాలు, గేదెపాలు పోస్తే చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగు వారాలు దాటాక మెత్తగా పిసికిన అన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం కొద్దికొద్దిగా రోజుకు నాలుగుసార్లు పెట్టవచ్చు. ఉల్లిపాయ, చాక్లెట్టు, ఉడికిన ఎముకలు పెట్టరాదు.

పడుకోవడానికి ఎండుగడ్డి మీద పాత గోనెపట్టా చాలు. పసిపిల్లలు ఒంటివేడిని తామే నిలుపుకోలేవు కనుక చలి, వాన తగలకుండా చూడాలి. రెండో వారం నుంచి మూడో నెల దాకా పదిహేను రోజులకొకసారి పశువైద్యుని సలహాపై నులిపురుగుల మందు తాగించాలి. పిడుదులు పట్టాయని పంటకు కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి పూయడం పల్లెల్లో జరుగుతున్న పెద్ద పొరపాటు. దానివల్ల పిల్ల చనిపోవచ్చు. దాన్ని ముట్టుకున్న పిల్లవాడికీ ప్రమాదమే.

పార్వో అనే వ్యాధి కుక్కపిల్లలను గంటల వ్యవధిలో కుంగదీస్తుంది. వాంతులు, రక్తవిరేచనాలు దాని గుర్తులు. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందుచేత ఒకసారి ఆ వ్యాధితో పిల్ల చనిపోయిన ఇంట్లోకి వెంటనే టీకా లేని మరో పిల్లను తేరాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వేయించి, తర్వాత మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా మళ్లీ వేయించాలి. ఇంట్లో ఇదివరకే కుక్క ఉంటే, కొత్తపిల్లను రెండు వారాలు వేరుగా ఉంచడం క్షేమం.

పిచ్చికుక్క వ్యాధి విషయంలో ఏమరుపాటు పనికిరాదు

చిన్నపిల్ల కదా అని గాటును తేలికగా తీసుకోవడం ప్రాణాలమీదకు తెస్తుంది. పిచ్చికుక్క వ్యాధి కుక్కపిల్లలకు కూడా రావచ్చు. మనుషులకు సోకే ఈ వ్యాధిలో నూటికి 99 కేసులు కుక్కల ద్వారా వచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదనే చెప్పాలి. గాటుపడినా, గోరు గీరుకున్నా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసరు, సున్నం, కారం పెట్టరాదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. లోతైన గాయమైతే గాయం చుట్టూ వేరే మందు కూడా వేయవలసి ఉంటుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు.

పిల్లకు మూడు నెలలు నిండగానే వ్యాధి నిరోధక టీకా వేయించాలి. తర్వాత వైద్యుడు చెప్పిన గడువులో మళ్లీ వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి ఈ టీకా వేశాడు. దానికి గుర్తుగా ఏటా జూలై 6న పశుసంవర్ధక శాఖ శిబిరాలు పెట్టి పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తోంది. సాకుతున్న పిల్లలను కూడా ఆ రోజు తీసుకువెళ్లవచ్చు.

అప్పగింతలోనే ఉంది అసలు పరీక్ష

అడిగిన మొదటివారి చేతిలో పిల్లను పెట్టి చేతులు దులుపుకుంటే ఇంతా చేసి ఫలితం ఉండదు. నెల తిరగకుండా అది మళ్లీ వీధిన పడుతుంది. తీసుకునేవారి ఇంట్లో అందరికీ ఇష్టమేనా, వలస వెళ్లే నెలల్లో ఎవరు చూస్తారు, టీకాలు ఎవరు వేయిస్తారు అన్న మూడు విషయాలు ముందే మాట్లాడుకోవాలి. పెంచలేకపోతే తిరిగి తెచ్చి ఇవ్వాలని, ఎక్కడా వదిలేయరాదని ఒప్పుకోవాలి.

ఆడపిల్లల సంగతి తేలనిదే ఈ పని సగమే అవుతుంది. ఇంటి కాపలాకు, మంద కాపలాకు ఆడకుక్క మగకుక్కకు తీసిపోదు. దాన్ని వద్దనడానికి ఉన్న కారణం ఈత ఒక్కటే. ఆపరేషన్ చేయిస్తే ఆ కారణం ఉండదు. ఆపరేషన్ వయసు వచ్చేసరికి పిల్ల కొత్త ఇంట్లో ఉంటుంది కనుక, దాన్ని ఎక్కడ, ఎప్పుడు చేయించాలన్నది అప్పగింత రోజే మాట్లాడుకోవాలి. పిల్లలన్నీ ఇళ్లకు చేరినా తల్లిని వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే గడ్డివామి దగ్గర అన్నే పిల్లలు కనిపిస్తాయి.

అభ్యంతరాలు లేకపోలేదు

కూలికి వెళ్తేగాని పూటగడవని ఇళ్లవారు కుక్కపిల్లలను ఎలా సాకుతారన్న ప్రశ్న సమంజసమే. ఇది ప్రతి ఇంటి పనీ కాదు. ఊరికి నాలుగైదు ఇళ్లు ముందుకు వచ్చి, మిగిలినవారు తిండికో, టీకా ఖర్చుకో తలా కొంత ఇస్తే సరిపోతుంది. పసిబిడ్డలు, గర్భిణులు ఉన్న ఇళ్లు, రోజంతా తాళం పడి ఉండే ఇళ్లు దీనికి అనువైనవి కావు. రెండు నెలలు సాకాక వదులుకోలేమని వెనకాడేవారూ ఉన్నారు. వదులుకోలేక ఉంచేసుకుంటే ఆ కుక్కకు ఇల్లు దొరికినట్టే. కాకపోతే తర్వాతి పిల్లకు ఆ వసారాలో చోటు ఉండదు.

ఇప్పటికే గుంపులుగా తిరుగుతూ కరుస్తున్న పెద్దకుక్కల సమస్య దీనితో తీరదని కూడా ఒప్పుకోవాలి. అది ఆపరేషన్లు, టీకాలతో పంచాయతీలు, పశుసంవర్ధక శాఖ కలిసి చేయవలసిన పని. వీధిలో కుప్పపోసిన కోళ్ల వ్యర్థాలు, మాంసం దుకాణాల చెత్త తొలగించకపోతే అది కూడా నిలవదు.

పంచాయతీలు చేయగలిగిందేమిటి?

దీనికి నిధుల మంజూరు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఊళ్లో ఏ వీధిలో కుక్క పిల్లలు పెట్టింది, ఎన్ని పిల్లలు, ఎవరు సాకుతున్నారు, ఎవరికి ఇచ్చారు అన్నది పంచాయతీ కార్యాలయంలో ఒక పుస్తకంలో రాసుకోవచ్చు. పశువైద్యుడు ఊరికి వచ్చే రోజును ముందుగా చాటింపు వేయించవచ్చు. ఆపరేషన్లకు అవసరమైన ఏర్పాటు కోసం జిల్లా అధికారులను లిఖితపూర్వకంగా కోరవచ్చు. పక్కపక్క ఊళ్ల సర్పంచులు కూర్చుని, ఒకరి పొలిమేరలో మరొకరు పిల్లలను వదలరాదని మాట అనుకోవచ్చు.

ఈ చివరి ఒప్పందానికి రూపాయి ఖర్చు లేదు. మిగిలిన పనులన్నిటికంటే ముందుగా జరగవలసినది కూడా అదే.